ఎమ్మైటీ, హార్వర్డ్: మా అమ్మాయికి ఛాన్స్ ఎంత? ఇంటర్ ఎంపీసీ, శాట్ 1520

నల్లకుంట నాన్న
అక్టోబరు 12, 2025, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హైదరాబాద్‌లోనే ఒక కార్పొరేట్ కాలేజీలో డే స్కాలర్. పదిలో 10 జీపీఏ. ఫస్టియర్‌లో 470కి 464. ఆగస్టులో శాట్ (అమెరికా డిగ్రీ కాలేజీల కోసం రాసే పరీక్ష) రాస్తే 1600కి 1520 వచ్చింది, లెక్కల్లో 800. పక్కన జేఈఈ మెయిన్ కూడా చదువుతోంది.

తనకి అమెరికాలో ఇంజనీరింగ్ చదవాలని కోరిక. ఎమ్మైటీ, హార్వర్డ్, ప్రిన్‌స్టన్, స్టాన్‌ఫర్డ్, కొలంబియా, బర్కిలీ అని ఆరు పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పాల ప్యాకెట్ తీసిన ప్రతిసారీ నాకు గుండె దడ. నాది ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి 16 లక్షలు. సొంత ఇల్లు, లోను ఇంకో ఆరేళ్ళు కట్టాలి. ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల ప్లాటు ఉంది. అంతే.

సూటిగా అడుగుతున్నాను, ఈ మార్కులకి ఛాన్స్ ఎంత శాతం? ఎంసెట్‌కైతే ర్యాంకు కొడితే ఏ కాలేజీ వస్తుందో చెప్పే సైట్లు బోలెడు. దీనికి అలాంటిదేమన్నా ఉందా? ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "టాప్ ఇరవైలో గ్యారంటీ" అని 6 లక్షలు అడిగారు.


బెజవాడ రవ్వ
అక్టోబరు 12, రాత్రి 11:08

ఆ గ్యారంటీ ఏదో స్టాంపు పేపరు మీద రాసిమ్మనండి సార్. పెన్ను దొరకదు వాళ్ళకి. మిగతాది తెల్లారాక పెద్దలు చెప్తారు.


లెక్కల మాస్టారు
అక్టోబరు 13, ఉదయం 6:15

సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. నేను గుంటూరులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. నా శిష్యుల్లో అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్ళు కొల్లలు. డిగ్రీకి పెద్ద విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నా మాటల్ని ఆ మేరకే తీసుకోండి.

2024లో హార్వర్డ్‌కి 54,008 మంది అప్లై చేస్తే 1,937 మందిని తీసుకున్నారు. వందకి నలుగురు కూడా లేరు. అదే ఏడాది ఎమ్మైటీకి 28,232 మంది, తీసుకున్నది 1,284. అది 4.5 శాతం. ఇవి అమెరికన్లూ మనమూ కలిసిన లెక్కలు. ఎమ్మైటీలో బయటి దేశాల వాళ్ళని విడిగా చూస్తే 2 శాతం చుట్టూ ఆగుతుంది. ఏటా చేరేది దాదాపు 1,100 మంది, అందులో విదేశీయులు పదోవంతు. అంటే చైనా, కొరియా, బ్రెజిల్, నైజీరియా, మనం, మొత్తం ప్రపంచానికి నూట పదో నూట ఇరవయ్యో సీట్లు అనుకోండి. మా బ్రాడీపేటలో ఒక ట్యూషన్ హాల్లో కూర్చోబెట్టొచ్చు.

ఇక 464. మీకూ నాకూ అది బంగారం లాంటి మార్కు. కానీ మన రాష్ట్రాల్లో 460 దాటినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1520 కూడా అంతే. ఎమ్మైటీలో చేరేవాళ్ళ స్కోర్లు వరసగా పేరిస్తే అది కింది వరసలో పడుతుంది. తక్కువని అనడం లేదు. ఆ మార్కులు గేటు దాకా తీసుకెళ్తాయి, వాచ్‌మన్ ఆపడు. లోపల ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఇంకో లెక్క.

ఐఐటీలో దాదాపు 18,000 సీట్లు, ఒక పరీక్ష, ఒక ర్యాంకు. 18,000వ వాడికి వచ్చి 30,000వ వాడికి రాకపోతే ఎందుకు రాలేదో ఇద్దరికీ తెలుసు. అక్కడ ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పరు. కటాఫ్ అన్న మాటే లేదు. అందుకే మీరడిగిన సైటు లేదు. ఉందని ఎవరన్నా చూపిస్తే అది జాతకం చెప్పే చిలక.


ఇథాకా చలికాలం
అక్టోబరు 13, ఉదయం 9:40

అంకుల్, నాది హన్మకొండ. ఇప్పుడు కార్నెల్‌లో థర్డ్ ఇయర్. మాస్టారు శాతాలు చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తా. మీ అమ్మాయి మార్కులకన్నా మీ 16 లక్షలే ఇక్కడ పెద్ద విషయం.

హార్వర్డ్‌లో ఈ ఏడాది ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి దాదాపు 87 వేల డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే ఏడాదికి 76 లక్షలు, నాలుగేళ్ళకి మూడు కోట్లు. మిగతా పెద్ద ప్రైవేటు కాలేజీలు కూడా అటూ ఇటూగా ఇంతే. కాబట్టి మీరు ఎక్కడ అప్లై చేసినా ఎయిడ్ (ఆర్థిక సాయం) అడగాల్సిందే. అడిగినప్పుడు కాలేజీలు రెండు రకాలుగా చూస్తాయి.

మొదటి రకం నీడ్ బ్లైండ్. అడ్మిషన్ నిర్ణయించేవాళ్ళు మీరు డబ్బు అడిగారా లేదా అన్నది చూడరు. సీటు ఇచ్చాక మీరు ఎంత కట్టగలరో లెక్కేసి మిగతాది వాళ్ళే భరిస్తారు. అమెరికన్ పిల్లలకి చాలా కాలేజీలు ఇలా చేస్తాయి. మనలాంటి విదేశీయులకి కూడా చేసేవి చేతివేళ్ళ మీద లెక్క: హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎమ్మైటీ, ఆమ్‌హెర్స్ట్. 2022లో డార్ట్‌మత్, బోడన్ కలిశాయి. బ్రౌన్ ఈ ఏడాది చేరిన బ్యాచ్ నుంచి మొదలెట్టింది. నోటర్‌డేమ్ కూడా వచ్చింది. ఇవి కాక ఇంకో ఒకటో రెండో.

రెండోది నీడ్ అవేర్. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, మా కార్నెల్, పెన్, డ్యూక్ ఇందులోవే. మీరు ఎయిడ్ కావాలని టిక్ పెడితే ఆ టిక్ కూడా మీ ఫైల్‌తో పాటే బల్ల మీదికి వస్తుంది. ఇద్దరు సమానంగా ఉంటే ఫీజు కట్టగలిగేవాడికే మొగ్గు. పోనీ ఇప్పుడు అడక్కుండా చేరి తర్వాత అడుగుదామనుకుంటే స్టాన్‌ఫర్డ్‌లో కుదరదు. అప్లై చేసేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్ళూ అడిగే హక్కు లేదు.

మీ లిస్టులో బర్కిలీ ప్రభుత్వానిది. విదేశీయులకి అవసరాన్ని బట్టి ఎయిడ్ ఉండదు. శాట్ చూడనే చూడరు. అక్కడ సీటొచ్చినా కట్టలేరు అంకుల్, దాన్ని ఫ్రిజ్ మీంచి తీసేయండి.

మంచి వార్త కూడా ఉంది. ఏడాది ఆదాయం లక్ష డాలర్ల లోపుంటే హార్వర్డ్‌లో మామూలుగా పైసా కట్టక్కర్లేదని ఈ మార్చిలో ప్రకటించారు. ఎమ్మైటీది కూడా అదే గీత. ప్రిన్‌స్టన్ ఆ గీతని లక్షా యాభై వేలకి పెంచింది. మీ 16 లక్షలంటే 18 వేల డాలర్లు. మీకు సీటొస్తే చదువు దాదాపు ఉచితం.


నల్లకుంట నాన్న
అక్టోబరు 13, మధ్యాహ్నం 1:22

బాబూ, ఇదేం విడ్డూరం. నేను కట్టగలిగే చోట సీటు రాదు, సీటొచ్చే చోట నేను కట్టలేను, అంతేనా?


ఇథాకా చలికాలం
అక్టోబరు 13, మధ్యాహ్నం 1:31

అంతే అంకుల్. నేను నాలుగు పేరాల్లో చెప్పింది మీరు ఒక్క లైన్లో చెప్పేశారు.


ఫ్రిస్కో మామ
అక్టోబరు 13, రాత్రి 8:05

ఇంత కంగారెందుకండీ. సత్య నాదెళ్ళ ఏ హార్వర్డ్‌లో చదివాడు? మణిపాల్‌లో ఇంజనీరింగ్, విస్కాన్సిన్ మిల్వాకీలో ఎమ్మెస్. అడోబీ శంతను నారాయణ్ మన ఉస్మానియా, తర్వాత ఒహాయోలో బౌలింగ్ గ్రీన్. ఆ యూనివర్సిటీ పేరు మన వీధిలో ఎంతమందికి తెలుసు? హాయిగా ఇక్కడ బీటెక్ చేయించి ఎమ్మెస్‌కి పంపండి. మేమంతా అలా వచ్చినవాళ్ళమే.


పంజాగుట్ట మాజీ
అక్టోబరు 13, రాత్రి 9:17

మామా, మీ మాట కొట్టేయను. 2023-24 లెక్కలు చూస్తే అమెరికాలో మనోళ్ళు 3,31,602 మంది, అందులో మాస్టర్స్, పీహెచ్‌డీలు 1,96,567. డిగ్రీ పిల్లలు 36,053 మందే. అంటే ఎక్కువ జనం పోయేది మీరు చెప్పిన బాటలోనే. కాకపోతే ఆ అన్న అడిగింది అది కాదు కద. బిర్యానీ బాగుంటదా అంటే చారన్నం ఆరోగ్యం అన్నట్టుంది.

నేను నాలుగేండ్లు ఒక కన్సల్టెన్సీల పనిచేసిన. పేరెందుకు. 6 లక్షలకి ఏం చేస్తరో చెప్త వినండి. పిల్ల రాంగనే ఒక "సంస్థ" పెట్టిస్తరు. ఒక లోగో, ఒక వెబ్‌సైటు, సర్కారు బడిల నోటుబుక్కులు పంచుతున్న ఫొటో. మా ఆఫీసుల ఒక్క సీజన్‌ల పదకొండు మంది పిల్లలు పదకొండు సంస్థలకి "వ్యవస్థాపకులు". ఫొటోల బడి మాత్రం ఒక్కటే. తర్వాత ఒక రీసెర్చ్ పేపరు, పైసలు కడితే అచ్చేసే పత్రికల. ఆఖర్న ఎస్సే, అంటే పిల్ల తన గురించి తానే రాసుకోవాల్సిన వ్యాసం. మా దగ్గర ఒకామె రాస్తుండె, బాగ రాస్తది, కానీ అందరి నానమ్మలు ఒకే తీరుగ చచ్చిపోయేది.

అటు కూసున్నోళ్ళకి తెల్వదా? ఏండ్ల తరబడి ఇవే చదువుతున్నరు. ఇంక దొంగ కాగితాల సంగతి వేరు. పెన్సిల్వేనియాల లీహై యూనివర్సిటీల ఒక మనోడు బతికున్న తండ్రికి డెత్ సర్టిఫికెట్ పుట్టించి స్కాలర్‌షిప్ తీస్కుండు. వాడే నెట్ల పేరు దాచి గొప్పలు రాస్కుంటే 2024ల దొరికిండు. కేసు, ఇండియాకి వాపసు. అన్నా, మీ 6 లక్షలు జేబుల పెట్టుకోండి.


ఎడిసన్ అమ్మ
అక్టోబరు 14, ఉదయం 5:50

ఒక్క మాట. "అమెరికాలో ఉన్నవాళ్ళకి సులువు" అని ఎవరో ఒకరు అంటారు, అనేలోపే చెప్తున్నా. మా బాబు మూడో ఏట ఇక్కడికొచ్చాడు. ఇప్పుడు న్యూజెర్సీలో ట్వెల్త్ గ్రేడ్. తెలుగు కూడా అమెరికన్ యాసే. కానీ వాడు హెచ్4 మీద, అంటే మా ఉద్యోగ వీసాకి వేలాడే పిల్లల వీసా మీద ఉన్నాడు. మా గ్రీన్ కార్డ్ ప్రయారిటీ డేట్, అంటే లైన్లో నిలబడిన తేదీ, 2014, లైను ఇంకా 2013లోనే ఉంది. ఎమ్మైటీ రూలు ప్రకారం సిటిజన్‌షిప్, గ్రీన్ కార్డ్ లేకపోతే ఎక్కడ చదివినా ఇంటర్నేషనలే. అంటే మీ అమ్మాయి, మా వాడు ఒకే డబ్బాలో. పక్కింట్లో వీడితో కలిసి బస్సెక్కే పిల్లాడు ఇంకో డబ్బాలో. ఫెడరల్ ఎయిడ్ ఫారం నింపే అర్హత కూడా లేదు మాకు. ఇరవై ఒకటి నిండితే వీడు ఎఫ్1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి, ఇంట్లోనే ఉంటూ పరాయివాడవుతాడు.

మొన్న స్కూల్ కౌన్సెలర్ వాడి లిస్టు చూసి, "నీకెందుకు కంగారు, నువ్వు ఇక్కడివాడివేగా" అందట. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.


నల్లకుంట నాన్న
అక్టోబరు 14, రాత్రి 10:30

అమ్మా, మీ మాట చదివాక నా గోల చిన్నదనిపించింది.

అందరూ చెప్పింది అమ్మాయికి చూపించాను. తనే వెళ్ళి బర్కిలీ కొట్టేసింది. కొలంబియా కూడా. ఆమ్‌హెర్స్ట్, బోడన్, డార్ట్‌మత్ రాసింది. వాళ్ళమ్మ "ఈ పేర్లు చెప్తే చుట్టాలు ఇదేం కాలేజీ అంటారే" అంది.

ఇప్పుడు అసలు చిక్కు. అప్లికేషన్ ఫారంలో పది యాక్టివిటీలు (చదువు కాక చేసే పనులు) అడిగారు. మా పిల్లకి ఏవీ లేవు. పొద్దున ఏడింటికి కాలేజీకెళ్తే రాత్రి ఏడున్నరకి వస్తుంది. కాలేజీలో ఆటల పీరియడ్ లేదు, ఆటలాడే స్థలమూ లేదు. ఎయిత్‌లో స్కూల్లో వ్యాసరచనలో రెండో బహుమతి, స్టీలు డబ్బా ఇచ్చారు. అది రాయొచ్చా?


లెక్కల మాస్టారు
అక్టోబరు 15, ఉదయం 6:02

డబ్బా వద్దు. ఫారం అడిగేది తొమ్మిదో తరగతి నుంచి. ఒలింపియాడ్లు రాసి ఉంటే వేరే కథ. 2016లో ముంబై అమ్మాయి ఒకతె పది, పన్నెండు సర్టిఫికెట్లు రెండూ లేకుండానే ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాలు మూడింటితో ఎమ్మైటీలో చేరింది. ఐఐటీకి పన్నెండు పాసవ్వాలి కాబట్టి మన దగ్గర కుదర్లేదు. కానీ అలాంటివి ఇప్పుడు అక్టోబరులో మొదలెట్టేవి కావు. అది వదిలేయండి.

ఇంట్లో ఏం చేస్తుంది? సెలవుల్లో? చిన్నదైనా చెప్పండి.


నల్లకుంట నాన్న
అక్టోబరు 15, రాత్రి 9:48

ఇంట్లో ఏముంది సార్. వాళ్ళమ్మ బ్లౌజులు కుడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్లో రోజుకి ఏడెనిమిది. ఇది ఆదివారాలు కటింగ్ చేసి పెడుతుంది. అంతకుమించి ఏం లేదు.


ఇథాకా చలికాలం
అక్టోబరు 15, రాత్రి 10:01

అంకుల్ ఆగండి. కటింగ్ అంటే? ఎప్పట్నుంచి?


నల్లకుంట నాన్న
అక్టోబరు 15, రాత్రి 10:40

నైన్త్ నుంచి. అడిగి రాస్తున్నాను, నాకూ సగం ఇప్పుడే తెలిసింది.

చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు ఉంటుందట. సైజు పెద్దదైతే, అందులోనూ క్రాస్ కటింగ్ అడిగితే, బట్ట చాలదు. వాళ్ళమ్మ "చేతులకి వేరే గుడ్డ అతుకు వేస్తాను" అంటే కస్టమర్లు గొడవ. ఇది పాత పేపర్ల మీద ముందు భాగం, వెనక భాగం, చేతులు, పట్టీలు కత్తిరించి, నేల మీద 80 సెంటీమీటర్ల గీత గీసి, ఆ ముక్కల్ని అటు తిప్పి ఇటు తిప్పి పేర్చేదట. ఏ సైజుకి ఏది ఎలా పెడితే బట్ట సరిపోతుందో నోటుబుక్కులో బొమ్మలు వేసుకుంది, 32 నుంచి 42 దాకా. ఇప్పుడు వాళ్ళమ్మ కొత్త ముక్క వస్తే ముందు ఆ పుస్తకం తీస్తుంది. మూలలు నలిగి, సుద్ద మరకలతో ఉంది. నేను ఇన్నాళ్ళూ ఇంటి లెక్కల పుస్తకం అనుకున్నాను.

42కి మాత్రం ఎంత తిప్పినా రాలేదట. "అది రాదు నాన్నా, ముక్కల వైశాల్యాలు కూడితేనే ఎక్కువైపోతోంది" అంది.


లెక్కల మాస్టారు
అక్టోబరు 16, ఉదయం 5:58

నాయనా, మీ అమ్మాయి చేసినదాన్ని లెక్కల్లో ప్యాకింగ్ సమస్య అంటారు. రాదని వదిలేయకుండా ఎందుకు రాదో చెప్పింది చూశారా, నాకు అది నచ్చింది. మూడేళ్ళ పని ఉండగా ఏం లేదంటారేంటండీ?


ఇథాకా చలికాలం
అక్టోబరు 16, ఉదయం 8:20

ఫారంలో కుటుంబ బాధ్యతలు, సంపాదన పని అని విడిగా వర్గాలే ఉన్నాయి అంకుల్. ఇక్కడి పిల్లలు ఐస్‌క్రీమ్ షాపులో పని చేసింది రాసుకుంటారు. వివరణకి 150 అక్షరాలే ఇస్తారు, ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. నిజం రాయండి. పది గళ్ళూ నింపాలని రూలేం లేదు, నేను ఆరే నింపా.


పంజాగుట్ట మాజీ
అక్టోబరు 16, ఉదయం 10:11

అన్నా, ఇప్పుడే చెప్తున్న. ఆ కన్సల్టెన్సీ వాళ్ళకి ఈ నోటుబుక్కు సంగతి చెప్పకండి. తెల్లారేసరికి "మహిళా సాధికారత కుట్టు ఉద్యమం" పెట్టిస్తరు, మీ అమ్మాయి చేతిల మైకు ఉంటది.


బెజవాడ రవ్వ
అక్టోబరు 17, రాత్రి 9:30

అంతా బానే ఉంది. కానీ ఎవరూ అడగని మాట నేనడుగుతా. ఎందుకండీ అసలు? మే 22న హార్వర్డ్‌కి విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతే రద్దు చేశారు, కోర్టు ఆపబట్టి సరిపోయింది. మే ఆఖర్నుంచి మూడు వారాలు వీసా ఇంటర్వ్యూల కొత్త స్లాట్లే ఆపేశారు. తర్వాత సోషల్ మీడియా ఖాతాలు బయటికి పెట్టమన్నారు. సెప్టెంబరులో, అక్కడ ఉద్యోగానికి కావాల్సిన హెచ్1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు. నాలుగేళ్ళు చదివి తిరిగి నల్లకుంటకే రావాలంటే ఈ తిప్పలన్నీ దేనికి?


ఫ్రిస్కో మామ
అక్టోబరు 17, రాత్రి 11:45

ఈసారి రవ్వతో ఏకీభవిస్తున్నా. ఇక్కడ మా ఆఫీసులో వాతావరణం బాలేదు. కొత్తవాళ్ళని తీసుకోవడానికి మేనేజర్లు జంకుతున్నారు.


ఇథాకా చలికాలం
అక్టోబరు 22, ఉదయం 7:15

మిడ్‌టర్మ్స్ వల్ల ఆలస్యం. భయం నాకూ ఉంది, లేదనను. మే, జూన్‌లో నేను ఇండియా టికెట్ క్యాన్సిల్ చేసుకున్నా, మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో అని. మా చెల్లి ఓణీల ఫంక్షన్ ఫోన్లో చూశా.

కానీ లక్ష డాలర్ల సంగతిలో ఒక వివరం ఉంది. మొన్న 20న వచ్చిన వివరణ ప్రకారం, ఇక్కడే ఎఫ్1 మీద ఉండి హెచ్1బీకి మారేవాళ్ళకి ఆ ఫీజు పడదు. బయటి దేశం నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకే. రేపు మారుస్తారేమో తెలీదు. 2030 నాటి రూలు 2025లో ఎవరం చెప్పగలం?

ఇంకోటి, నీడ్ బ్లైండ్ చోట సీటొస్తే మెడకి అప్పు ఉండదు. తిరిగొచ్చినా తలెత్తుకుని రావచ్చు. 50 లక్షలు లోను తీసి వచ్చినవాడికే ఆ వీసా చావుబతుకుల సమస్య. మా వింగ్‌లో అలాంటివాళ్ళున్నారు, నిద్రపోరు.


ఎడిసన్ అమ్మ
అక్టోబరు 22, ఉదయం 8:02

నిజం. మేం ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌కి వేశాం. మా బాబు అదే నా ఫస్ట్ ఛాయిస్ అంటున్నాడు. నా కోసం అంటున్నాడని తెలుసు.


నల్లకుంట నాన్న
అక్టోబరు 23, రాత్రి 10:15

కార్నెల్ బాబూ, మీకెలా వచ్చింది? అడగొచ్చా?


ఇథాకా చలికాలం
అక్టోబరు 24, ఉదయం 6:40

అడగొచ్చు అంకుల్. మా దగ్గర భారతీయులకని టాటా స్కాలర్‌షిప్ ఉంది, ఒక సమయంలో అన్ని ఇయర్లూ కలిపి ఇరవై మంది చుట్టూ ఉంటాం. నీడ్ అవేర్ కాలేజీ అయినా ఆ నిధి వల్ల నా ఫైల్ నిలబడింది. నా క్లాస్‌మేట్, నాకన్నా ఎక్కువ మార్కులు, నాకన్నా బాగా రాస్తాడు, పద్నాలుగు చోట్ల వేస్తే పద్నాలుగూ కాదన్నాయి. వాడు ఇప్పుడు ఐఐఐటీ హైదరాబాద్‌లో ఉన్నాడు, నాకు అసైన్‌మెంట్లలో డౌట్లు తీరుస్తాడు. నాకొచ్చి వాడికెందుకు రాలేదంటే నా దగ్గర జవాబు లేదు.

అందుకే జేఈఈ ఆపకండి. ఎస్సేలు డిసెంబరు 20 కల్లా ముగించేయాలి. జనవరి మొదటి వారంలో గడువులు, ఆఖర్లో మెయిన్, వెంటనే ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. నవంబరు 1 గడువు ఉన్న ఎర్లీ (ముందస్తు) రౌండు వద్దు, ఇక వారమే ఉంది. కాలేజీకి డబ్బు అడిగే ఫారాలు కూడా విడిగా ఉంటాయి. ఐటీ రిటర్నులు, ప్లాటు విలువ, లోను కాగితాలు అన్నీ అడుగుతారు. ప్లాటు దాచకండి. అప్లికేషన్ ఫీజులు ఒక్కోదానికి విడిగా ఉంటాయి, మాఫీ అడగొచ్చు, నేను అడిగా, ఇచ్చారు.

అన్నిటికన్నా ముందు టీచర్ల రికమెండేషన్ లెటర్లు పట్టుకోండి. మన కాలేజీల్లో అసలు గండం అదే.


నల్లకుంట నాన్న
నవంబరు 6, రాత్రి 9:05

బాబూ, మీరు చెప్పింది అక్షరాలా నిజమైంది. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే "బోనఫైడా, టీసీనా?" అన్నారు. ఇది ఇంకోటని చెప్పడానికి అరగంట పట్టింది. కాలేజీ పేరుతో ఈమెయిల్ లేదు, అడ్మిషన్ల ప్రచారానికి వాడే జీమెయిల్ ఒకటుంది. చివరికి దాన్నే ఇచ్చారు.

ఫిజిక్స్ సార్ మంచాయన. రెండు రోజుల్లో లెటర్ ఇచ్చారు. నాకు చూపించొద్దని చెప్పినా వినకుండా చేతిలో పెట్టారు. మొత్తం ఇదే: "ఈమె మా కళాశాలలో ద్వితీయ సంవత్సరం చదువుచున్నది. చదువులో చురుకైనది. ఈమె నడవడిక సంతృప్తికరము. ఈమెకు ఉజ్జ్వల భవిష్యత్తు కలుగవలెనని కోరుచున్నాను." ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగు చేశాను. కింద గుండ్రటి స్టాంపు, రెండు సార్లు కొట్టారు.


బెజవాడ రవ్వ
నవంబరు 6, రాత్రి 9:12

స్టాంపు రెండు సార్లు కొట్టారంటే గట్టిగా రికమెండ్ చేసినట్టే సార్.


పంజాగుట్ట మాజీ
నవంబరు 6, రాత్రి 9:40

నవ్వుడు కాదు. మా దగ్గర ఇట్లాంటివి వస్తే మేమే కొత్తది రాసి సార్ సంతకం పెట్టించేటోళ్ళం. మీరు ఆ పని చేయకండి అన్నా. సార్ తోనే రాయించండి.


లెక్కల మాస్టారు
నవంబరు 7, ఉదయం 6:10

ఆయన తప్పేం లేదు. ఒక్కో సెక్షనులో ఎనభై మంది, ఆయనకి ఆరు సెక్షన్లు. నేనూ ఆ వయసులో ఇలాంటివే రాశాను, ఇదే వాక్యం, "నడవడిక సంతృప్తికరము". ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మీరు వెళ్ళి ఏం రాయాలో చెప్పకండి. ఒక్కటే అడగండి: "సార్, ఎనభై మందిలో మా అమ్మాయి మీకు గుర్తుండిపోయిన రోజు ఏదైనా ఉందా?" లేదంటే లేదు, వేరే సార్‌ని చూసుకోవచ్చు. టీ తాగే టైములో అడగండి, క్లాసు మధ్యలో కాదు.


నల్లకుంట నాన్న
నవంబరు 10, రాత్రి 8:55

మాస్టారూ, కాలేజీ ఎదుట టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి నవ్వారు.

ఫస్టియర్‌లో వీకెండ్ టెస్టు అట. గిలక మీద రెండు బరువులు, తాడు లాగుడు ఎంత అని ప్రశ్న. కీలో జవాబు తప్పు పడింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన కీ కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. మా అమ్మాయి స్టాఫ్ రూముకి వెళ్ళి, గిలకకి బరువు ఉందని ప్రశ్నలోనే చెప్పారు, కీలో దాన్ని వదిలేశారు అందట. సార్ ముందు కసిరారట. సాయంత్రం ఇంటికెళ్ళి లెక్క చేసుకుంటే ఇదే రైటు. మర్నాడు ఆయనే పైకి ఫోన్ చేస్తే, రాసిన సెక్షన్లన్నిటిలో రైటు జవాబు పెట్టినవాళ్ళకి నాలుగు మార్కులు కలిపారట. తప్పు జవాబు పెట్టి అప్పటికే నాలుగు మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి పోయాయట, అందులో ఈ పిల్ల స్నేహితురాలు కూడా ఉంది, వారం మాట్లాడలేదట.

ఇది నాకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

సార్ అడుగుతున్నారు, "ఇలాంటివి రాయొచ్చాండీ? నేను కసిరిన సంగతి కూడానా?" అని.


లెక్కల మాస్టారు
నవంబరు 11, ఉదయం 5:45

రాయమనండి. కసిరిన సంగతి ముందు రాయమనండి.